రెండు నదుల నడుమ ఒక సైకిలు



హైదరాబాద్‌లో లంగర్‌హౌజ్ దగ్గర బాపూఘాట్ ఉంది. మూసీ నది, ఈసా నది కలిసేది అక్కడే. 1948 ఫిబ్రవరిలో గాంధీజీ చితాభస్మంలో కొంత భాగాన్ని ఆ సంగమంలో కలిపారు. పేరుకు సంగమమే గానీ, ఇవాళ ఆ వంతెన దాటే కార్లలో చాలామంది అద్దాలు ఎత్తుకునే దాటిపోతారు. నీళ్ల రంగూ వాసనా అలాంటివి. కింద ఉన్నది ఒక నదా, రెండు నదులా అని చూసే తీరిక ఎవరికుంది?

సైకిలు మీద వెళ్లేవాడికి ఉంటుంది. అతనికి ఎత్తుకోవడానికి అద్దం లేదు. పైగా అక్కడి నుంచి అతను తొక్కుకుంటూ పోవలసింది ఆ రెండు నదులూ దిగివచ్చిన నేల మీదుగానే.

సెప్టెంబరు నెలాఖరు. వానలు తెరిపిచ్చిన ఒక శనివారం, సాయంత్రం నాలుగు గంటలు. యాభై ఏళ్లు దాటిన ఒకాయన లంగర్‌హౌజ్ నుంచి సైకిలెక్కి బయలుదేరాడనుకుందాం. పేరుతో మనకు పనిలేదు. ఇలాంటివాళ్లు ఆ దారిలో వారానికి పదిమందైనా కనిపిస్తారు. బండ్లగూడ మీదుగా అప్పా జంక్షన్, అక్కడి నుంచి చేవెళ్ల రోడ్డు పట్టుకుని మొయినాబాద్ దాటి మర్రిచెట్ల దాకా, తిరుగు దారిలో చిలుకూరు, చివర ఔటర్ రింగు రోడ్డు పక్కనున్న సైకిలు బాట మీదుగా నానక్‌రామ్‌గూడ. ఇదీ ఆయన వేసుకున్న లెక్క. మొత్తం మీద 55 కిలోమీటర్లు.

పెడల్ లెక్కలో చెప్పుకుంటే అది ఇంకా బాగా తెలుస్తుంది. మామూలు సైకిలు చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకు 18 పళ్లు ఉన్న బండైతే, పెడల్ ఒక్క చుట్టు తిరిగేసరికి సైకిలు దాదాపు అయిదున్నర మీటర్లు ముందుకు జరుగుతుంది. అంటే 55 కిలోమీటర్లకు పదివేల చుట్లు. దిగుడులో కాళ్లు ఆపుకునే చుట్లు తీసేసినా, మోకాళ్లకు తక్కువ పనేమీ కాదు.

మొదటి అయిదారు కిలోమీటర్లూ ఊరే. సిటీ బస్సు ఎడమకు ఒరిగి ఆగుతుంది. ఆటో ఉన్నట్టుండి వంకర కొడుతుంది. ఆపిన కారు తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. అందుకే అనుభవమున్నవాళ్లు ఆపిన కార్ల పక్కన మూర వదిలి కాదు, బార వదిలి తొక్కుతారు. ఈ భాగంలో సైకిలుకు వేగం రాదు, వచ్చినా నిలవదు. గంటకు పది, పన్నెండు. అయితే బెల్లుకు మాత్రం ఇక్కడే విలువ. పెద్ద బండ్లు పట్టించుకోకపోయినా, ఫోను చూసుకుంటూ రోడ్డు దాటే మనిషి ఆ చిన్న మోతకు ఉలిక్కిపడి తల ఎత్తుతాడు.

బండ్లగూడ దాటాక దారి కాస్త కాస్త పైకి లేస్తుంది. కళ్లకు చదునుగానే కనిపిస్తుంది. కారులో వెళ్లేవాళ్లను అడిగితే అక్కడ ఎక్కుడేమిటని నవ్వుతారు. తొడలు మాత్రం ఒప్పుకోవు. మూసీ పుట్టింది పడమట వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో. ఆ నది తూర్పుకు దిగుతూ హైదరాబాద్ చేరుతుంది. కనుక హైదరాబాద్ నుంచి పడమటికి తొక్కడమంటే నీటికి ఎదురెక్కడమే.

అప్పా జంక్షన్ దగ్గర తల మీదుగా ఔటర్ రింగు రోడ్డు పోతుంది. 158 కిలోమీటర్ల ఎనిమిది వరుసల ఆ రహదారి మీదికి సైకిళ్లకూ, మోటారు సైకిళ్లకూ ప్రవేశం లేదు. మన సైకిలాయన దాని కిందుగా దూరి అవతల తేలతాడు. ఆ దాటడంతో గాలి మారుతుంది. డీజిలు పొగ పలచబడి, తడిసిన ఎర్రమట్టి వాసన తగులుతుంది. రోడ్డు పక్కన తంగేడు పసుపుపచ్చగా విరగబూసి ఉంటుంది, దాని పక్కన తెల్లగా గునుగు. బతుకమ్మకు ఇంకెన్నో రోజులు లేవు. సంచీలు పట్టుకుని గట్ల వెంట పూలు కోసుకునేవాళ్లు అప్పుడే కనిపిస్తుంటారు.

ఇక్కడి నుంచి చేవెళ్ల రోడ్డుకు ఒక విశేషముంది. ఇంచుమించు అది రెండు నదుల మధ్య మిట్ట మీదుగా సాగుతుంది. పడమటికి వెళ్తున్నవాడికి కుడిచేతి వైపు పడ్డ వాన ఉస్మాన్‌సాగర్‌కు చేరుతుంది, ఎడమచేతి వైపు పడ్డది హిమాయత్‌సాగర్‌కు. మొదటిది మూసీ మీద కట్టిన జలాశయం, మన అలవాటులో గండిపేట చెరువు. రెండోది ఈసా మీద కట్టింది. రోడ్డుకు అటూ ఇటూ విడిపోయిన ఆ నీళ్లు చివరికి కలిసేది, సైకిలు బయలుదేరిన బాపూఘాట్ దగ్గరే.

ఈ రెండు జలాశయాలూ మంచినీళ్ల కోసమే పుట్టినవి కావు, ఒక విషాదంలోంచి పుట్టినవి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తింది. వేలమంది పోయారు. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మళ్లీ అలాంటి వరద రాకుండా ఏం చెయ్యాలో చెప్పమని నిజాం ప్రభుత్వం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరానికి ఎగువనే వరదను పట్టి ఆపాలన్నది ఆయన సలహా. దాని ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. గండిపేట నిండు మట్టం సముద్రమట్టానికి 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1763.5 అడుగులు. రెండు చెరువులూ పక్కపక్కనే ఉన్నా వాటి మధ్య ఇరవై ఆరు అడుగుల పైన తేడా. అంకెలు చదివితే చిన్నవే. ఆ ఎత్తును తొక్కి ఎక్కినవాడికి మాత్రం అది పిక్కల్లో గుర్తుంటుంది.

ఈ దారి పక్కన ఇంకా జొన్న చేలూ, కూరగాయల మళ్లూ, పూలతోటలూ మిగిలి ఉండడానికీ ఆ చెరువులే కారణం. 1996 మార్చిలో వచ్చిన 111 నంబరు జీవో, జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల లోపు 84 గ్రామాల్లో పరిశ్రమలకూ పెద్ద కట్టడాలకూ అడ్డుకట్ట వేసింది. 2022 ఏప్రిల్‌లో 69 నంబరు జీవోతో ఆ ఆంక్షలు సడలాయి. ఇప్పుడు ప్రతి మలుపులోనూ ప్లాట్ల బోర్డులే. ఒకవైపు బంతితోట, దాని పక్కనే 'గేటెడ్ కమ్యూనిటీ' అని రాసిన కమాను. కమాను వెనక ఇళ్లు ఇంకా లేవు, గడ్డి మేస్తున్న బర్రెలు ఉన్నాయి.

అయిదు దాటింది. ఇప్పుడు అసలు కష్టం మొదలవుతుంది. సెప్టెంబరు నెలాఖరుకు సూర్యుడు దాదాపు సరిగ్గా పడమట దిగుతాడు. రోడ్డు కూడా పడమటికే పోతోంది. ఎండ నేరుగా కళ్లలోకి. టోపీ అంచు కిందికి లాగినా లాభం లేదు. నైరుతి ఇంకా పూర్తిగా వెనుదిరగలేదు కనుక గాలీ ఎదురే. సైకిలు తొక్కేవాడికి గాలి పెద్ద పగవాడు. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. అందుకే ఎదురుగాలిలో పంతానికి పోయేవాడు పది కిలోమీటర్లకే అలిసిపోతాడు. తెలిసినవాడు నడుం వంచి, మోచేతులు మడిచి, మెల్లగా తొక్కుతాడు.

కళ్లలో పడే ఎండతో ఇంకో చిక్కుంది, అది సైకిలాయనకు కనబడదు. వెనక నుంచి వచ్చే లారీ డ్రైవరుకు కూడా అదే ఎండ అద్దం మీద పడుతుంది. మట్టి పట్టిన అద్దమైతే మరీ. ఆ పది, పదిహేను నిమిషాలు ముందు వెళ్తున్న సైకిలు అతనికి ఒక మసక గీత మాత్రమే. చీకట్లో లైటు పెట్టుకోవాలని అందరికీ తెలుసు. పొద్దు వాలే వేళ, ఇంకా వెలుతురుండగానే వెనక లైటు వెయ్యాలని చాలామందికి తోచదు.

మొయినాబాద్ దాటాక మర్రిచెట్లు చిక్కబడతాయి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు పక్కన దాదాపు తొమ్మిది వందల మర్రులున్నాయి. నిజాం కాలంలో నాటినవని చెప్పుకుంటారు. అటు చెట్టు కొమ్మ, ఇటు చెట్టు కొమ్మ రోడ్డు మీద కలుసుకున్న చోట సొరంగంలోకి దూరినట్టే. కళ్లకు ఎండ తప్పుతుంది, చెమట మీద చల్లదనం తగులుతుంది. గూళ్లకు చేరే పక్షుల గోల చైను చప్పుడును మింగేస్తుంది. ఎండిన మర్రిపండ్లు టైరు కింద పటపటమంటాయి.

ఈ చెట్ల కథ జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. రోడ్డు వెడల్పు చెయ్యాలి, చెట్లు అడ్డం. చెట్లను కాపాడాలన్నవాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. రోడ్డు వెడల్పు కోరేవాళ్ల బాధా చిన్నది కాదు. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడ వద్ద కంకర టిప్పరూ ఆర్టీసీ బస్సూ ఢీకొని 19 మంది చనిపోయారు. ఈ రోడ్డు మీద తొక్కేవాడికి రెండు వాదనలూ ఒంటికి తగులుతూనే ఉంటాయి. తల మీద నీడ, మోచేతి పక్క నుంచి జానెడు దూరంలో దూసుకుపోయే కంకర లారీ.

నాలుగు మర్రుల తర్వాత ఆయన బండి తిప్పుతాడు. మొయినాబాద్‌లో చాయ్, పక్కనే పంక్చరు షాపులో గాలి. షాపు ముందు ఒక పాత అట్లాస్ సైకిలు, సీటు తోలు ఊడిపోయి, స్టాండు మీద నిలబడి ఉంటుంది. 1951లో సోనీపత్‌లో మొదలైన ఆ కంపెనీ తన సాహిబాబాద్ ఫ్యాక్టరీని 2020 జూన్ 3న మూసేసింది. ఐక్యరాజ్యసమితి ప్రపంచ సైకిలు దినంగా ప్రకటించిన రోజు సరిగ్గా అదే. కంపెనీ ఆగినా బండ్లు మాత్రం ఆగలేదు. షాపాయన ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూస్తాడు. ఆకురాయితో గీకి, సొల్యూషన్ పూసి, ఊది ఆరబెట్టి, ముక్క అతికిస్తాడు.

"సైకిళ్లు ఇంకా వస్తున్నాయా అన్నా?" అని మనాయన అడుగుతాడు.

"ఎందుకు రావు సార్! వాచ్‌మన్లయి, మేస్త్రీలయి, తోటల్ల పనిచేసేటోళ్లయి. మీ అసుంటోళ్లు ఆదివారం వస్తరు, వాళ్లు రోజూ వస్తరు."

ఆ మాటలో నిజముంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి 44.8 ఇళ్లలో సైకిలు ఉంది. అప్పటికి మోటారు సైకిలో స్కూటరో ఉన్న ఇళ్లు నూటికి 21 మాత్రమే. తర్వాత రోడ్ల మీద లెక్క మారి ఉండవచ్చు గానీ, సైకిలు బతుకుతెరువుగా ఉన్నవాళ్లు ఊరి అంచుల్లో ఈనాటికీ కనిపిస్తారు. మన తరం వాళ్లలో చాలామందికి సైకిలంటే గంటకు ఇంతని అద్దెకు తెచ్చుకున్న బండి. సీటు అందక, కడ్డీ కింది నుంచి కాలు దూర్చి వంకరగా తొక్కేవాళ్లం. హైదరాబాద్ వైపు దాన్నే కాంచీ తొక్కుడంటారు. మోకాలి చిప్ప మీద మచ్చ లేనివాడికి సైకిలు వచ్చినట్టే లెక్క కాదు. మునిసిపాలిటీ వాళ్లు ఏటా పన్ను కట్టించుకుని రేకు బిళ్ల ఇచ్చేవారు. రాత్రిపూట దీపం లేకపోయినా, డబుల్స్ వెళ్లినా పోలీసు ఆపేవాడు. పార్లమెంటు సభ్యుడిగా ఉన్న పుచ్చలపల్లి సుందరయ్య ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు మీదే వెళ్లిన సంగతి మన ముందు తరానికి బాగా గుర్తు. సైకిలు అప్పుడు పేదరికానికి గుర్తు కాదు, వ్యాయామమూ కాదు. మనిషి పని మీద వెళ్లే బండి.

తిరుగు దారి. ఆరుంపావుకు పొద్దు గుంకింది. హిమాయత్‌నగర్ ఊరి దగ్గర ఎడమకు మళ్లి చిలుకూరు రోడ్డు పట్టేసరికి వెలుతురు నీరెండ దాటి బూడిదరంగుకు వచ్చింది. మన అక్షాంశంలో సంధ్యకు ఆయుష్షు తక్కువ. సూర్యుడు అస్తమించాక రోడ్డు కనిపించేంత వెలుతురు ఉండేది ఇరవై నిమిషాల పైచిలుకే. అదే రోజు లండన్‌లో అయితే అరగంట దాటుతుంది. మన దగ్గర సూర్యుడు నిట్టనిలువుగా దిగుతాడు, అక్కడ ఏటవాలుగా జారుతాడు. కొత్తగా సాయంత్రం తొక్కేవాళ్లు ఇక్కడే లెక్క తప్పుతారు. ఇంకా చాలా వెలుతురుంది కదా అని చాయ్ దగ్గర రెండో సిగరెట్టు వెలిగించినవాడు, మూడు కిలోమీటర్లు పోయేసరికి చీకట్లో ఉంటాడు.

చిలుకూరు బాలాజీ గుడి దగ్గర జనం సందడిగానే ఉంటుంది. మొక్కుకునేవాళ్లు పదకొండు ప్రదక్షిణలు, మొక్కు తీరినవాళ్లు నూటెనిమిది. ఆ గుడిలో హుండీ లేదు. వీసా కోసం మొక్కుకునే కుర్రవాళ్లు ఎక్కువ కావడంతో వీసా బాలాజీ అని పేరు పడింది. చేతిలో చీటీ పట్టుకుని గళ్లు కొట్టుకుంటూ గుడి చుట్టూ తిరిగేవాళ్లను చూస్తూ, పదివేల చుట్లు తిప్పుతున్న మన సైకిలాయన ఓ నిమిషం ఆగి నీళ్లు తాగుతాడు.

గుడి దాటితే గండిపేట నీటి అంచు దగ్గర. మృగవని పార్కు కంచె వెంట చీకటి చెట్లు, లోపల దుప్పులుంటాయి. ఇక్కడ ఒక వింత. రోడ్డు పల్లంలోకి దిగినప్పుడల్లా ఒంటికి చల్లగా తగులుతుంది. మిట్ట ఎక్కగానే మళ్లీ వెచ్చన. పొద్దు గుంకాక నేల చల్లబడి, దానికి ఆనుకున్న గాలి బరువెక్కి, నీళ్లలాగే పల్లానికి జారి చేరుతుంది. ఈ చల్లని మడుగులు మోటారు సైకిలు మీద పోయేవాడికి పెద్దగా తెలియవు, కారులో అసలు తెలియవు. సైకిలు మీద మాత్రం అడుగు పెట్టిన చోటూ, తీసిన చోటూ కచ్చితంగా చెప్పవచ్చు.

చీకటి పడ్డాక దీపం సంగతి. ఒకప్పుడు కిరసనాయిలు దీపం, తర్వాత డైనమో. టైరు పక్కకు ఆనిన ఆ చిన్న సీసా లాంటి యంత్రం ఆరు వోల్టుల దగ్గర మూడు వాట్ల కరెంటు ఇచ్చేది. గట్టిగా తొక్కితే వెలుగు, మెల్లగా తొక్కితే మినుకు, ఆగితే చీకటి. ఎక్కుడులో దీపం అవసరం ఎక్కువ, వెలుగు తక్కువ. ఇప్పటి ఛార్జింగు లైట్లకు ఆ బాధ లేదు. మనాయన ముందు తెల్లటిది, వెనక ఎర్రటిది వేసుకున్నాడు. ఒంటి మీద మెరిసే పట్టీ ఉంది. దూరాలు తొక్కే రాండన్యూర్ యాత్రల్లో, 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చెయ్యాలన్నది ఎంత గట్టి నియమమో, రాత్రివేళ ముందూ వెనకా దీపాలూ, మెరిసే జాకెట్టూ ఉండాలన్నది అంతే గట్టి నియమం.

వీధి దీపాలు లేని ఆ నాలుగు కిలోమీటర్లలో ఆయనకు ఎదురయ్యే సైకిళ్లు వేరే రకం. రాత్రి డ్యూటీకి ఫామ్‌హౌసులకు వెళ్లే వాచ్‌మన్లు. హ్యాండిలుకు టిఫిను డబ్బా, క్యారియరు మీద దుప్పటి. ముందు దీపం లేదు, వెనక ఎర్ర బిళ్ల ఊడిపోయి ఎన్నేళ్లయిందో. ముదురు రంగు చొక్కా. మనాయన లైటు వెలుగు పడ్డాకే మనిషి ఉన్నాడని తెలుస్తుంది. అది సైకిలు లైటు కనుక సరే. గంటకు ఎనభైతో వచ్చే కారుకు ఎంతసేపు ముందు తెలుస్తుంది?

అప్పా దాకా దారి ఎక్కువగా దిగుడే. పోతూ ఎక్కినదంతా వస్తూ తిరిగి వచ్చింది. గాలి వీపు మీద. తొక్కకుండానే చక్రం పోతుంటే ఫ్రీవీలు కిర్రుమని కీచురాళ్లతో శ్రుతి కలుపుతుంది. కుక్కలు రెండు చోట్ల వెంటపడతాయి. పరుగెత్తించకుండా, కాలు దించి ఆగి "పో" అని గదిమితే అవీ ఆగుతాయి. వాటికి పరుగెత్తే వస్తువు మీదే కోపం.

అప్పా జంక్షన్ పక్కనే, పోలీసు అకాడమీ దగ్గర సైకిలు బాట మొదలవుతుంది. 2023 అక్టోబరు 1న ప్రారంభించిన ఈ బాట రెండు భాగాలు. అకాడమీ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఎనిమిదిన్నర కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర. మొత్తం 23. దక్షిణ కొరియాలోని బాటను చూసి కట్టారు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సౌర ఫలకాల కప్పు. ఆ కప్పు సామర్థ్యం 16 మెగావాట్లు. పగలు నీడా, కరెంటూ. రాత్రి దీపాలు. అంతసేపూ లారీల మధ్య బిగబట్టుకున్న భుజాలు ఇక్కడ వదులవుతాయి. పక్కన పిల్లలు తండ్రులతో పందేలు వేసుకుంటుంటారు. దూరంగా అద్దాల మేడలు, నలభై అంతస్తుల దీపాలు. దారిలో మూసీ మళ్లీ ఒకసారి కాళ్ల కింది నుంచి పోతుంది.

బాట బాగుంది, ఇంకా ఎన్నో రావాలి. కానీ ఆ బాట మీదికి చాలా సైకిళ్లు కార్ల వెనక కట్టుకుని వస్తాయి. మొయినాబాద్ షాపులో ట్యూబుకు ముక్క వేయించుకున్న వాచ్‌మను ఇంటికీ డ్యూటీకీ మధ్య దారి చేవెళ్ల రోడ్డే. ఆ రోడ్డు వెడల్పవుతున్నప్పుడు, మర్రిచెట్ల అవతల సైకిలుకు రెండు మీటర్లు వదిలితే, దాని మీద తొక్కేవాళ్లు రోజూ ఉంటారు.

అది ప్రభుత్వం చెయ్యవలసింది. శ్రోతలు చెయ్యగలిగింది చిన్నది. సైకిళ్లకు వచ్చే రిఫ్లెక్టర్ల నాణ్యత మీద కేంద్రం 2020లోనే ఉత్తర్వు ఇచ్చింది. కొత్త బండికి అవి ఉంటాయి. పాత బండికి ఉండవు. మీ అపార్టుమెంటు వాచ్‌మను, మీ తోట మాలి, మీ ఇంటి పని చేస్తున్న మేస్త్రీ సైకిలు మీద వస్తుంటే, రేపు ఉదయం ఒకసారి ఆ బండి వెనక మడ్‌గార్డు చూడండి. ఎర్ర బిళ్ల లేకపోతే ఒక మెరిసే ఎర్ర స్టిక్కరు తెచ్చి అతికించండి. సాయంత్రం ఆయన వెళ్లేటప్పుడు గేటు దగ్గర నిలబడి, అది దూరం నుంచి కనిపిస్తోందో లేదో చూసి లోపలికి రండి.